ఉన్నత విద్యలో అంతర్జాలం: పాఠం చేరువైంది, మార్గదర్శి మాటేమిటి?

వైశాలి (ఘాజియాబాద్): ఢిల్లీ మెట్రో బ్లూ లైన్ శాఖకు చివరి స్టేషను వైశాలి. ఉత్తరప్రదేశ్‌లోని ఘాజియాబాద్ జిల్లాకు చెందిన ఈ నివాస ప్రాంతానికి 2011 జులైలో మెట్రో రైలు వచ్చింది. ఇక్కడి నుంచి ఢిల్లీ విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణానికి వెళ్లే విద్యార్థి ఆనంద్ విహార్‌లో దిగి పింక్ లైన్ రైలు ఎక్కాలి. దిగవలసిన స్టేషను పేరు ‘దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్’. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర కళాశాల కూడా ఆ పరిసరాల్లోనే ఉంది. ఇంటి గడప నుంచి తరగతి గది వరకు లెక్కిస్తే ఒకవైపు ప్రయాణానికే గంటకు పైగా పడుతుంది. అదే విద్యార్థి ఇంట్లో కూర్చుని ఫోను తెరిస్తే మద్రాసు ఐఐటీ ఆచార్యుని పాఠం క్షణాల్లో కళ్లముందు ఉంటుంది.

ఆ స్టేషనుకు ఎవరి పేరు పెట్టారో ఆ తెలుగు మహిళ చేసిన పని ఈ సందర్భంలో గుర్తుకు తెచ్చుకోదగినది. రాజమహేంద్రవరంలో జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1930ల చివరలో మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, తెలుగు బాలికలను బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్షకు సిద్ధం చేసే తరగతులు నడిపింది. పరీక్ష పెట్టే విశ్వవిద్యాలయం ఎక్కడో కాశీలో ఉంది. చదివించేవారు మాత్రం పక్కనే ఉన్నారు. నేడు పరిస్థితి తారుమారైంది. పాఠం, పుస్తకం, పరీక్ష, ధ్రువపత్రం అన్నీ ఇంటి ముంగిటికి వస్తున్నాయి. విద్యార్థి పక్కన కూర్చుని సందేహం తీర్చే మనిషే దూరమయ్యే ప్రమాదం ఏర్పడింది. అంతర్జాలం ఉన్నత విద్యను ఎలా మారుస్తోంది, ఆ మార్పులో విద్యార్థికి దక్కేది ఏమిటి, దక్కనిది ఏమిటి అన్నది పరిశీలించవలసిన విషయం.

హైదరాబాదులో పడిన పునాది

దూరాన ఉన్న విద్యార్థికి చదువు చేర్చాలన్న ఆలోచన అంతర్జాలంతో పుట్టలేదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 ఆగస్టులో హైదరాబాదులో ఏర్పడింది. నాడు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైన ఆ సంస్థే 1991 నుంచి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ప్రసిద్ధి పొందింది. తొలి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి రాజనీతి శాస్త్రవేత్త. అంతకుముందు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. 1985లో పార్లమెంటు చట్టంతో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నో, ఢిల్లీలో ఏర్పడినప్పుడు దానికీ ఆయనే తొలి ఉపకులపతి అయ్యారు. అనంతరం విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, అధ్యక్ష పదవిని కూడా నిర్వహించారు.

ఆ నమూనాలో గమనించవలసిన అంశం ఒకటి ఉంది. పాఠ్యపుస్తకం తపాలాలో వచ్చేది. ఆకాశవాణిలో పాఠాలు ప్రసారమయ్యేవి. వాటితోపాటు ఊరికి దగ్గరలోని ఏదో ఒక కళాశాలలో అధ్యయన కేంద్రం ఉండేది. సెలవు దినాల్లో అక్కడ అధ్యాపకులు విద్యార్థులను కలిసి సందేహాలు తీర్చేవారు. ఉద్యోగం చేసుకుంటూ చదివేవారికి, పెళ్లితో చదువు ఆగిన మహిళలకు ఆ కేంద్రమే కళాశాల. దూరవిద్యలో సైతం మనిషి కలిసే చోటు ఒకటి తప్పనిసరి అని ఆ సంస్థల నిర్మాతలు ముందే గుర్తించారు.

ప్రసార మాధ్యమాలు ఆ పనిని మరింత విస్తరించాయి. 1984 ఆగస్టు 15న యూజీసీ కార్యక్రమం ‘కంట్రీవైడ్ క్లాస్‌రూమ్’ దూరదర్శన్‌లో మొదలైంది. 2000 జనవరి 26న ‘జ్ఞాన్ దర్శన్’ ఛానల్ ప్రారంభమైంది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి కక్ష్యలోకి చేరిన ఎడ్యుశాట్, కేవలం విద్య కోసం దేశం రూపొందించుకున్న ఉపగ్రహం. అయితే ఈ ప్రసారాలకు ఒక పరిమితి ఉండేది. పాఠం వచ్చే వేళకు విద్యార్థి పెట్టె ముందు సిద్ధంగా ఉండాలి. తప్పిపోతే మళ్లీ దొరికేది కాదు. ఆ పరిమితిని తొలగించినది అంతర్జాలం. పాఠం ఆగుతుంది, వెనక్కి వెళ్తుంది, అర్థమయ్యేదాకా ఎన్నిసార్లయినా వినిపిస్తుంది.

ఎన్‌పీటీఈఎల్ నుంచి స్వయం వరకు

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ తన పాఠ్యసామగ్రిని అందరికీ ఉచితంగా ఇస్తామని 2001లో ప్రకటించింది. ఆ తరువాత భారతదేశంలోనూ అటువంటి ప్రయత్నం మొదలైంది. 2003లో కేంద్ర ప్రభుత్వ నిధులతో ఏడు ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి ఎన్‌పీటీఈఎల్ పథకాన్ని చేపట్టాయి. ఐఐటీలలో చోటు దొరికే విద్యార్థులు కొద్దిమంది. వేలాది ఇంజినీరింగ్ కళాశాలల్లో చదివే మిగిలిన వారికీ అదే స్థాయి బోధన అందాలన్నది దాని ఉద్దేశం. మొదట్లో అది పాఠాల భాండారం మాత్రమే. 2014 నుంచి పరీక్ష, ధ్రువపత్రం కూడా తోడయ్యాయి.

ఆ విధానం సరళమైనది. కోర్సు సాధారణంగా నాలుగు, ఎనిమిది లేదా 12 వారాలు సాగుతుంది. పేరు నమోదుకు రుసుము లేదు. ప్రతి వారం పాఠాలు, వాటిపై అభ్యాసాలు వస్తాయి. ధ్రువపత్రం కావాలనుకున్నవారు మాత్రం రుసుము చెల్లించి, నిర్దేశిత కేంద్రానికి స్వయంగా వెళ్లి పర్యవేక్షణలో పరీక్ష రాయాలి. తుది మార్కుల్లో 25 శాతం వారం వారం చేసిన అభ్యాసాలకు, 75 శాతం పరీక్షకు లెక్కిస్తారు.

2017 జులై 9న నాటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ‘స్వయం’ వేదికను ప్రారంభించారు. ఇంజినీరింగే కాక సాహిత్యం, చరిత్ర, వాణిజ్యం, ఉపాధ్యాయ శిక్షణ వంటి విషయాలూ ఇందులో ఉంటాయి. ప్రతి కోర్సుకు నాలుగు అంగాలు: దృశ్య పాఠం, చదువుకునే సామగ్రి, స్వయంగా పరీక్షించుకునే ప్రశ్నలు, సందేహాలు చర్చించుకునే వేదిక. అంతర్జాలం సరిగా అందని ఇళ్ల కోసం అదే రోజు ‘స్వయం ప్రభ’ పేరుతో 32 డీటీహెచ్ ఛానళ్లు కూడా మొదలయ్యాయి. రోజూ నాలుగు గంటల కొత్త పాఠాలు, వాటి పునఃప్రసారాలు ఇచ్చేలా ఆ ఛానళ్లను రూపొందించారు.

క్రెడిట్ల బ్యాంకు

పాఠం ఉచితంగా దొరకడం కంటే పెద్ద మార్పు మరొకటి ఉంది. ఆ పాఠానికి డిగ్రీలో విలువ లభించడం. స్వయం కోర్సులను డిగ్రీలో భాగంగా లెక్కించేందుకు యూజీసీ 2016లోనే నిబంధనలు రూపొందించింది. అప్పట్లో 20 శాతం వరకు మాత్రమే అనుమతి ఉండేది. 2021లో ఆ పరిమితిని ఒక సెమిస్టరులో 40 శాతం వరకు పెంచింది. అంటే తన కళాశాలలో బోధించేవారు లేని విషయాన్ని కూడా విద్యార్థి మరొక సంస్థ ఆచార్యుని వద్ద నేర్చుకుని, ఆ క్రెడిట్లను తన డిగ్రీలో కలుపుకోవచ్చు. అందుకు సొంత విశ్వవిద్యాలయం ఆమోదం ఉండాలి.

ఈ లెక్కను భద్రపరిచేందుకు 2021 జులైలో ‘అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్’ ఏర్పడింది. బ్యాంకు ఖాతాలో సొమ్ము జమ అయినట్లే, విద్యార్థి సంపాదించిన క్రెడిట్లు ఆయన ఖాతాలో జమ అవుతాయి. మధ్యలో చదువు ఆపవలసి వచ్చినా నిర్ణీత గడువులోగా తిరిగి మొదలుపెట్టవచ్చు. కేంద్ర మంత్రివర్గం 2020 జులై 29న ఆమోదించిన జాతీయ విద్యా విధానం, 2035 నాటికి ఉన్నత విద్యలో స్థూల నమోదు నిష్పత్తిని 50 శాతానికి చేర్చాలని లక్ష్యం పెట్టుకుంది. 2018లో అది 26.3 శాతం. కొత్త భవనాలతో మాత్రమే ఇంతమందికి చోటు కల్పించడం కష్టం. ప్రభుత్వాలు అంతర్జాల విద్యపై ఆశ పెట్టుకోవడానికి ఇదొక ముఖ్య కారణం.

మారిన గ్రంథాలయం

పరిశోధక విద్యార్థుల విషయంలో అంతర్జాలం చేసిన మేలు మరింత స్పష్టం. ఒకప్పుడు ఒక సిద్ధాంత వ్యాసాన్ని చూడాలంటే దానిని సమర్పించిన విశ్వవిద్యాలయానికే వెళ్లాలి. గ్రంథాలయాధికారి అనుమతి తీసుకోవాలి. చేత్తో రాసుకోవాలి. 2009లో యూజీసీ, పీహెచ్‌డీ వ్యాసాల ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించాలని నిబంధన తెచ్చింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నిర్వహించే ‘శోధగంగ’లో ఆ వ్యాసాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. తెలుగు సాహిత్యంపై తిరుపతిలో జరిగిన పరిశోధనను ఢిల్లీలో ఉన్న విద్యార్థి ఇంట్లో కూర్చుని చదవగలడు. ఖరగ్‌పూర్ ఐఐటీ రూపొందించిన జాతీయ డిజిటల్ గ్రంథాలయం 2018 జూన్‌లో జాతికి అంకితమైంది.

పరిశోధన పత్రికల సంగతి వేరు. వాటి చందాలు అత్యంత ఖరీదైనవి. ఈ భారాన్ని తగ్గించేందుకు కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకాన్ని ఆమోదించింది. మూడేళ్లకు రూ.6,000 కోట్లు కేటాయించింది. 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలు 6,300కు పైగా సంస్థల్లోని 1.8 కోట్ల మంది విద్యార్థులకు, అధ్యాపకులకు, పరిశోధకులకు అందాలన్నది లక్ష్యం. ప్రభుత్వ విద్యాసంస్థలకు, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలకు ఈ సదుపాయం వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంజినీరింగ్ విద్యార్థులు ఎక్కువగా ప్రైవేటు కళాశాలల్లోనే ఉన్నారు. కనుక ఈ పథకం పరిధి వారికి ఎప్పుడు విస్తరిస్తుందన్న ప్రశ్న తెలుగు రాష్ట్రాలకు ముఖ్యమైనది.

గురువు పని తగ్గిందా?

ఉత్తమమైన పాఠం ఒకసారి రికార్డు చేస్తే లక్షల మందికి వినిపించవచ్చు. అటువంటప్పుడు ప్రతి కళాశాలలో అదే పాఠం చెప్పే అధ్యాపకుడు ఎందుకన్న ప్రశ్న తరచు వినిపిస్తుంది. ఈ ప్రశ్నకు తెలుగునాట జరిగిన ఒక ప్రయోగం కొంత సమాధానం ఇస్తుంది.

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో దాని విద్యాలయాలు మొదలయ్యాయి. జనం వాటిని ‘ట్రిపుల్ ఐటీలు’ అంటారు. పదో తరగతిలో ప్రతిభ చూపిన గ్రామీణ విద్యార్థులను చేర్చుకుని ఆరేళ్లు చదివించడం వాటి ఉద్దేశం. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కృత్రిమ మేధ పరిశోధనకు 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న ఆచార్య రాజ్‌రెడ్డి దానికి తొలి కులపతి. విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. ప్రముఖ అధ్యాపకుల పాఠాలను రికార్డు చేసి ప్రాంగణంలోని నెట్‌వర్క్ ద్వారా వినిపించారు. అయినా తరగతి గదిని ఖాళీగా వదలలేదు. పాఠం విన్న విద్యార్థి సందేహం అడిగేందుకు, వెనకబడినవారిని గుర్తించేందుకు మార్గదర్శకులు గదిలోనే ఉండేవారు. పాఠం తెర మీద ఉన్నా, దానిని విద్యార్థికి అందించే బాధ్యత మనిషిపైనే ఉంది.

ఇదే పద్ధతి ఇప్పుడు అనేక దేశాల్లో మరో రూపంలో కనిపిస్తోంది. పాఠం ఇంట్లో వినడం, తరగతిలో లెక్కలు చేయడం, చర్చించడం. అంటే ఇంటిపని తరగతికి, తరగతి పని ఇంటికి మారాయి. ఇందులో అధ్యాపకుని శ్రమ తగ్గదు, దాని స్వభావం మారుతుంది. ఉపన్యాసం చెప్పే సమయం తగ్గి, ఒక్కొక్క విద్యార్థి ఎక్కడ తడబడుతున్నాడో చూసే సమయం పెరుగుతుంది.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలైన తరువాత ఈ అవసరం మరింత పెరిగింది. ఇంటి నుంచి రాసి తెచ్చే వ్యాసం విద్యార్థి సొంత ఆలోచనో, యంత్రం సమకూర్చినదో చెప్పడం కష్టమైంది. దాంతో మౌఖిక పరీక్ష, తరగతిలో ఎదురుగా కూర్చోబెట్టి రాయించడం వంటి పాత పద్ధతులకు మళ్లీ విలువ వచ్చింది. మద్రాసు ఐఐటీ 2020 జూన్‌లో ప్రకటించిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీలో సైతం పాఠాలు అంతర్జాలంలో ఉన్నా, పరీక్షలు కేంద్రాల్లో ప్రత్యక్షంగా జరుగుతాయి.

మధ్యలో ఆగిపోయేవారు

ఆన్‌లైన్ కోర్సులు ఎదుర్కొంటున్న ప్రధాన సమస్య పేరు నమోదు కాదు, పూర్తి చేయడం. 2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆచార్యులు కృత్రిమ మేధపై ఇచ్చిన ఉచిత కోర్సులో సుమారు 1,60,000 మంది చేరారు. ఆ ఉత్సాహంతోనే 2012లో కోర్సెరా, ఎడెక్స్ వేదికలు వచ్చాయి. అయితే 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం వేరే చిత్రాన్ని చూపింది. హార్వర్డ్, మసాచుసెట్స్ సంస్థలు ఎడెక్స్‌లో అందించిన కోర్సుల్లో 2017-18లో చేరినవారిలో చివరిదాకా పూర్తి చేసినవారు 3.13 శాతమే. రుసుము చెల్లించి ధ్రువపత్రం కోసం చేరినవారిలో మాత్రం అది 46 శాతం. ఊరికే చూసిపోయేవారు ఎక్కువగా ఉండడం ఇందుకు కొంత కారణం. అడిగేవారు లేకపోతే చదువు సాగించడం కష్టమన్నదీ నిజం.

సొంత ఇంట్లో సౌకర్యం లేకపోవడం రెండో కారణం. జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం 2017-18లో దేశంలో 23.8 శాతం కుటుంబాలకే అంతర్జాల సదుపాయం ఉంది. గ్రామాల్లో అది 14.9 శాతం. కంప్యూటరు ఉన్న కుటుంబాలు దేశం మొత్తం మీద 10.7 శాతం, గ్రామాల్లో 4.4 శాతం. ఆ సర్వే ముగిసిన రెండేళ్లలోపే, 2020 మార్చిలో, కోవిడ్ కారణంగా కళాశాలలు మూతపడ్డాయి. తరగతులు ఒక్కసారిగా ఆన్‌లైన్‌కు మారాయి. ఢిల్లీలో చదువుతూ సొంతూళ్లకు చేరిన విద్యార్థుల్లో చాలామందికి ఒక్క ఫోనే ఆధారం. ఇంట్లో తమ్ముడికీ అదే ఫోను, తండ్రికీ అదే ఫోను. సంకేతం అందక మేడమీదికో, ఊరి చివరికో వెళ్లి పాఠం విన్నవారు ఎందరో.

ఫోను వాడకం అప్పటికంటే ఇప్పుడు బాగా పెరిగింది. కానీ ఫోనులో పాఠం వినడం వేరు, దానిపై ప్రాజెక్టు నివేదిక తయారుచేయడం, ప్రోగ్రామ్ రాయడం వేరు. అందుకే కళాశాల గ్రంథాలయాల్లో, జిల్లా కేంద్రాల్లో కంప్యూటర్లు, నెట్‌వర్క్ ఉన్న చదువు గదులు అవసరం. నాటి అధ్యయన కేంద్రం పాత్ర ఇంకా తీరిపోలేదు.

మాతృభాష మాట

మూడో అడ్డంకి భాష. అంతర్జాలంలోని ఉన్నత విద్య పాఠాల్లో అధిక భాగం ఇంగ్లిషులోనే ఉన్నాయి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థి విషయం కంటే ముందు భాషతో పోరాడవలసి వస్తుంది. 2021లో ఎనిమిది రాష్ట్రాల్లోని 14 ఇంజినీరింగ్ కళాశాలలు హిందీ, తమిళం, తెలుగు, మరాఠీ, బెంగాలీ భాషల్లో బోధనకు ముందుకు వచ్చాయి. సాంకేతిక విద్యామండలి పాఠాలను భారతీయ భాషల్లోకి మార్చే యంత్రానువాద సాధనాన్ని రూపొందించింది. 2022 జులైలో ‘భాషిణి’ వేదిక ప్రారంభమైంది.

యంత్రానువాదం వేగంగా పని చేస్తుంది. అయితే పారిభాషిక పదం ఒక పాఠంలో ఒకలా, మరో పాఠంలో మరోలా వస్తే విద్యార్థి తికమకపడతాడు. తెలుగు తెలిసిన అధ్యాపకుడు ఒకసారి సరిచూస్తేనే అది పాఠం అవుతుంది. మరోవైపు ప్రవాసుల విషయంలో అంతర్జాలం తెలుగుకు కొత్త దారులు తెరిచింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఏర్పడిన సిలికానాంధ్ర విశ్వవిద్యాలయం కూచిపూడి నృత్యం, కర్ణాటక సంగీతం, తెలుగు భాషల్లో ఉన్నత విద్యను ఆన్‌లైన్‌లో అందిస్తోంది. సముద్రాల అవతల ఉన్న శిష్యునికి ఇక్కడి గురువు ఎదురుగా కనిపిస్తున్నారు.

చేరే ముందు చూసుకోవలసినవి

అవకాశాలతోపాటు మోసాలూ పెరిగాయి. కనుక చేరే ముందు కొన్ని విషయాలు తెలుసుకోవాలి. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన సంస్థ ఆన్‌లైన్‌లో ఇచ్చే డిగ్రీ, సాధారణ డిగ్రీతో సమానం. అయితే అనుమతి సంస్థకు మాత్రమే కాదు, ఫలానా కోర్సుకు, ఫలానా విద్యాసంవత్సరానికి కూడా ఉండాలి. ఆ జాబితా యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైటులో ఉంటుంది.

ఇంజినీరింగ్, వైద్యం, దంతవైద్యం, ఫార్మసీ, నర్సింగ్, ఆర్కిటెక్చర్, న్యాయశాస్త్రం, వ్యవసాయం వంటి కోర్సులకు ఆన్‌లైన్ డిగ్రీ అనుమతి లేదు. ప్రయోగశాల, ఆసుపత్రి, పొలం లేకుండా ఆ విద్య పూర్తి కాదన్నది అందులోని ఉద్దేశం. విదేశీ విశ్వవిద్యాలయాలతో కలిసి ప్రైవేటు కంపెనీలు ఇస్తామంటున్న ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని 2022 అక్టోబరులో యూజీసీ, సాంకేతిక విద్యామండలి సంయుక్తంగా హెచ్చరించాయి. విశ్వవిద్యాలయం తన పని మరో కంపెనీకి అప్పగించి నడిపే ఫ్రాంచైజీ కోర్సులు కూడా చెల్లవు. రుసుము చెల్లించే ముందు ఒక గంట కేటాయించి ఈ వివరాలు సరిచూసుకుంటే, మూడేళ్ల కాలం, కుటుంబం కూడబెట్టిన సొమ్ము వృథా కాకుండా ఉంటాయి.

కోర్సు ఎంచుకునేటప్పుడు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. సందేహం వస్తే ఎవరిని అడగాలి, ఎన్ని రోజుల్లో సమాధానం వస్తుంది, వెనకబడితే పలకరించేవారు ఉన్నారా? పాఠాల సంఖ్య గురించి గొప్పగా చెప్పే సంస్థ ఈ ప్రశ్నకు సూటిగా సమాధానం ఇవ్వకపోతే ఆలోచించుకోవడం మంచిది.

వైశాలి నుంచి దక్షిణ ప్రాంగణానికి వెళ్లే దారి అంతర్జాలం వచ్చాక తగ్గలేదు. అక్కడికి రోజూ వెళ్లలేని గృహిణికి, ఉద్యోగికి, దివ్యాంగ విద్యార్థికి మాత్రం చదువు తలుపు తెరుచుకుంది. ఇది చిన్న విషయం కాదు. కాశీ పరీక్షకు మద్రాసులో తరగతులు నడిపిన నాటికీ, తెర మీద పాఠం వినే నేటికీ విద్యార్థి అవసరం ఒకటే. తన తప్పు చూసి దిద్దే ఒక మనిషి. ప్రభుత్వాలు నెట్‌వర్క్‌కు, వేదికలకు, చందాలకు పెడుతున్న ఖర్చు ఫలించాలంటే, ఆ మనిషి కోసం, అంటే అధ్యాపక నియామకాలకు, అధ్యయన కేంద్రాలకు కూడా అంతే శ్రద్ధతో ఖర్చు చేయాలి.